కందుల గోదాములో గుర్రప్పిల్ల

కొత్తగా ఉద్యోగంలో చేరిన పశువైద్యులు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. టీ చేతికి అందకముందే అడుగుతారు, “సార్, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఏది?” అని. వాళ్లకు ఏం కావాలో నాకు తెలుసు. ఎవరికీ అంతు చిక్కని జబ్బును నేను కనిపెట్టి ఉండాలి, ఇక లాభం లేదనుకున్న ఎద్దు లేచి గడ్డి మేసి ఉండాలి. అలాంటివి కూడా ఒకటి రెండు ఉన్నాయి. చెప్పుకుని గొప్పలు పోయిన రోజులూ ఉన్నాయి. కానీ నిజంగా మరిచిపోలేనిది వేరే ఉంది. అందులో జబ్బు పేరు నాకు ఆనాడూ తెలియదు, ఈనాటికీ తెలియదు. ఆ రోజు తగిలిన దెబ్బ మాత్రం ఇప్పటికీ లోపల అలాగే ఉంది. వినే ఓపిక ఉంటే చెబుతాను.

డెబ్బైల మొదట్లో నన్ను పటాన్‌చెరు పశువుల ఆస్పత్రికి వేశారు. ఆస్పత్రి అంటే పెద్దగా ఊహించుకోకండి. బొంబాయి రోడ్డు పక్కన రేకుల కప్పుతో ఒక కిరాయి గది, బయట పశువును కట్టేసి సూది వేయడానికి నాలుగు కర్రల చట్రం, లోపల ఒక బల్ల, అంతే. పెద్ద కర్మాగారం అప్పటికే వచ్చింది. దాని వెనకే చిన్నాచితకా షెడ్లు ఒక్కొక్కటిగా లేస్తున్నాయి. పొద్దున సైరన్ మోగితే రోడ్డంతా సైకిళ్లే. కంది, రుద్రారం ఊళ్ల నుంచి జొన్నల బండ్లు వచ్చే దారిలోనే ఇనుప సామాను మోసే లారీలు కూడా వచ్చేవి. నేను మెదక్ వైపు పల్లెటూరివాణ్ణి. ఎద్దులు, బర్రెలు, గొర్రెలు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. గుర్రాల గురించి కాలేజీలో చదివింది మాత్రం పరీక్ష రాసిన రోజే హాల్లో వదిలేసి వచ్చాను.

లింగంపల్లి స్టేషన్ నుంచి పటాన్‌చెరుకు అప్పట్లో జట్కాలు నడిచేవి. వాటిలో ఒక జట్కా ఆయనకు ఒక ముసలి గుర్రం, దాని కడుపున పుట్టిన రెండేళ్ల ఆడ గుర్రప్పిల్ల ఉండేవి. తల్లికి మోకాళ్లు వాస్తున్నాయి. రేపో మాపో పిల్లే జట్కా లాగాలి. లారీలకూ హారన్లకూ అలవాటు పడుతుందని దాన్ని తల్లి పక్కన కట్టి నడిపించేవాడు. ఆయన భార్య దాన్ని ‘పోరి’ అని పిలిచేది. ఇంట్లో పొయ్యి వెలగడం ఆ రెండు గుర్రాల కాళ్ల మీదే ఆధారపడి ఉండేది.

వానలు తగ్గుముఖం పడుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం, కందుల వ్యాపారం చేసే ఒక సేటు దుకాణం ముందు ఆ పిల్ల ఉన్నట్టుండి కూలిపోయింది. నేను వెళ్లేసరికి చుట్టూ జనం. దాని మెడ ఎడమ వైపుకు మెలి తిరిగి ఉంది. కళ్లు రెండూ ఆగకుండా అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. పడుకున్న చోటే నాలుగు కాళ్లూ పరుగెత్తుతున్నాయి. ఒళ్లంతా చెమట. అలాంటిది నేను అంతకుముందు చూడలేదు. మందుల సంచి చేతిలో పట్టుకుని, తెరవాలన్న ఆలోచన కూడా లేకుండా నిలబడిపోయాను.

“పిచ్చికుక్క కరిచినట్టుంది. కాల్చి పారెయ్యుండ్రి,” అని ఎవరో అరిచారు. ఆ మాటతో గుంపు మొత్తం వెనక్కి జరిగింది. వెనక సందులోని ఇంటి నుంచి పరుగెత్తుకొచ్చిన జట్కా ఆయన భార్య మాత్రం ముందుకొచ్చి, దాని తల ఒళ్లో పెట్టుకుని రోడ్డు మీదే కూర్చుంది.

“అక్కా, చేతులు దూరం పెట్టు. పిచ్చే అయితే నీక్కూడ ప్రమాదం,” అన్నాను.

“దీని నోట్ల చెయ్యి పెట్టి పెంచిన సారూ. ఇప్పుడు తీస్తే ఏమొస్తది?” అంది. నా వైపు చూడను కూడా లేదు.

అంతలో వాన అందుకుంది. సేటు దుకాణం పక్కనే ఆయన గోదాము ఉంది. పాత కందులు అమ్ముడుపోయి ఖాళీగా ఉంది. గుర్రప్పిల్లను తాటిపత్రి గుడ్డ మీదికి దొర్లించి, నలుగురం పట్టి లోపలికి లాగాం. సేటు గుమ్మంలో నిలబడి, “అరే, నా గోదాము పశువుల దవాఖాన అయితున్నదా ఏంది?” అని గొణుగుతూనే తన మనిషిని పంపి గోనె సంచులు పరిపించాడు. ఆయన నోరు ఒకటి చెబుతుంటే చెయ్యి ఇంకొకటి చేసేది. నాకు ఆయన అర్థం కావడానికి కొంతకాలం పట్టింది.

పిచ్చి కాదని కొన్నాళ్లలో తేలిపోయింది. పిల్ల బకెట్లో నీళ్లు తాగింది, ఎవరినీ కరవబోలేదు. ఈగ కాటుతో రక్తంలో పురుగు చేరే జబ్బు ఒకటుంది, అదేమోనని రక్తం తీసి హైదరాబాదు లేబొరేటరీకి పంపాను. ఏమీ లేదన్నారు. చెవుల్లో చూశాను, పళ్లు చూశాను, మేతలో విషపు మొక్క ఏమన్నా ఉందేమోనని వాళ్లింటి గడ్డివాము మొత్తం విప్పించాను. వాము విప్పినందుకు జట్కా ఆయన బాధపడ్డాడే కానీ నాకు దొరికింది ఏమీ లేదు. తెలిసిన సూదులన్నీ వేశాను. కాలేజీలో నాకు పాఠం చెప్పినాయనను బతిమాలి పిలిపించుకున్నాను. ఆయన చాలాసేపు పరీక్షించి చేతులు కడుక్కుంటూ అన్నాడు, “నరాలకు ఏదో తగిలింది. పేరు పెట్టలేనయ్యా. పడుకున్న గుర్రం ఎక్కువ రోజులు బతకదు. పుండ్లు పడతయి, ఊపిరితిత్తులు పాడైతయి. బాధ పెట్టకుండ నిద్ర మందు ఎక్కువిచ్చి పంపించెయ్.”

ఆ మాట నేను జట్కా ఆయనతో చెప్పాను. ఆయన నెమ్మది మనిషి. నాతో ఎప్పుడూ గొంతు పెంచి మాట్లాడలేదు. అప్పుడు కూడా పెంచలేదు.

“సారూ, పానం ఉన్నన్ని దినాలు ఆ మాట నా ముంగట తియ్యకుండ్రి,” అన్నాడు.

మరి పడుకోకుండా నిలబెట్టాలి. నిలబడలేని గుర్రాన్ని పైనుంచి పట్టా కట్టి నిలబెట్టవచ్చని పుస్తకంలో బొమ్మ చూసిన గుర్తు. అంత బరువు ఆపాలంటే గట్టి దూలం ఉండాలి. జట్కా ఆయన ఇల్లు గడ్డి కప్పు. మా ఆస్పత్రి రేకులు గాలికే ఎగిరేవి. సేటు గోదాములో మాత్రం గోడ నుంచి గోడకు ఇనుప దూలం ఉంది. ఆ చుట్టుపక్కల అలాంటిది ఇంకొకటి లేదు. సేటును అడిగితే తల గోక్కున్నాడు. “కొత్త కందులు వచ్చేదాంక ఉంచుకోండ్రి డాక్టర్ సాబ్. కందులొస్తే మాత్రం నన్నేమనొద్దు. ఊళ్ల రైతులు నన్ను నమ్మి బండ్లు తోలుకొస్తరు. వాళ్ల మాలు వానల, మంచుల పెట్టలేను,” అన్నాడు. న్యాయమైన మాటే. అంటే కందులు కోతకొచ్చేలోపు ఆ పిల్ల తన కాళ్ల మీద బయటికి నడవాలి. లేకపోతే నా సూదే గతి. ఈ సంగతి మా అందరికీ తెలుసు, ఎవరం పైకి అనేవాళ్లం కాదు.

మా పక్క వాటాలో ఒక ఫోర్‌మన్ ఉండేవాడు. గోదావరి జిల్లా మనిషి, కర్మాగారంలో ఉద్యోగమని కుటుంబంతో వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ఆయన పని బరువులెత్తడం. లారీ అంత ఇనుప ముద్దలను గొలుసులతో, కప్పీలతో లేపి, గాల్లో నడిపించి, చెప్పిన చోట వెంట్రుకవాసి తేడా లేకుండా దించడం. ఇంట్లోనూ అదే ధోరణి. భార్య నీళ్ల బిందె ఎత్తబోతే, “నడుం కాదే, మోకాళ్లు వంచు!” అని కేకేసేవాడు. ఆ కేక మా వంటింట్లోకి వినబడేది. గుర్రప్పిల్ల సంగతి చెబితే ఆయన వేసిన మొదటి ప్రశ్న, “ఎంత బరువుంటుందండీ?” అని.

“రెండు క్వింటాళ్లు దాటుతది,” అన్నాను గంభీరంగా.

“అంతేనా!” అని నా వైపు జాలిగా చూశాడు.

మరునాడు నేను గాలికుంటు టీకాలు వేయడానికి రుద్రారం వెళ్లి సాయంత్రం తిరిగొచ్చేసరికి గోదాము ముందు జనం. లోపలికి వెళ్లి చూసి హడలిపోయాను. గుర్రప్పిల్ల గాల్లో ఉంది. కాన్వాసు పట్టా పొట్ట కింద నుంచి చుట్టి, రొమ్ము దగ్గర ఒక బెల్టు, వెనక ఒక బెల్టు కట్టి, దూలానికి వేలాడదీసిన కప్పీ గొలుసుకు తగిలించారు. నాలుగు డెక్కలూ నేలకు జానెడు ఎత్తున వేలాడుతున్నాయి. ఎవరో కాంట్రాక్టరును అడిగి కప్పీ తెచ్చిన ఫోర్‌మన్ పక్కన నిలబడి చేతులు దులుపుకుంటున్నాడు.

“చూశారా డాక్టరుగారూ, ఇసుమంత కూడా ఊగట్లేదు.”

“దించుండ్రి! గుర్రాన్ని ఉరి తీసినట్టు తీసిండ్రేంది?” అని అరిచేశాను. నాకు కోపం వస్తే వెనకా ముందూ ఉండదు. ఉద్యోగంలో అది నాకు చేసిన మేలు ఏమీ లేదు. ఆయన మొహం చిన్నబోయింది. తరువాత నేనే తగ్గి, డెక్కలు నేలకు ఆనాలని, కాళ్లు మోయలేని బరువు మాత్రమే పట్టా మోయాలని వివరంగా చెప్పాను.

ఆయన గొలుసు మీద చెయ్యి వేసి అన్నాడు, “అంటే సగం నేల మీద, సగం గొలుసు మీదా? మా పనిలో అంతకంటే పాపం లేదండీ. బరువు గాల్లో అన్నా ఉండాలి, నేల మీదన్నా ఉండాలి. మధ్యలో ఉన్న బరువే మనుషుల్ని చంపుతుంది. గొలుసు వదులైందంటే బరువు ఎటో జారుతోందని లెక్క.” వెనకటి కంపెనీలో అలా గొలుసు వదులైనప్పుడు ఒరిగిన బరువు కింద తన స్నేహితుడు పోయాడని నేల చూస్తూ చెప్పాడు. 

చివరికి ఆయన ఒప్పుకున్నాడు. డెక్కలు నేల మీద ఆనించాడు. గొలుసును మాత్రం బిగువుగా ఉంచాడు. “వదులు కానివ్వకండి. వదులైందనిపిస్తే ఈ సన్న గొలుసు ఇలా లాగండి, మళ్లీ బిగుస్తుంది,” అని జట్కా ఆయనకూ భార్యకూ నేర్పాడు. ఆవిడ ఒక్కసారి చూసి నేర్చుకుంది. నాకూ అది సబబుగానే తోచింది.

కొన్నాళ్ల తరువాత ఒకసారి, సంగతి చూద్దామని నేనే గొలుసు పూర్తిగా వదిలించాను. పిల్ల ముందు కాళ్లు రెండూ మడతపడి ముందుకు పడింది. నుదురు గోడకు కొట్టుకుని రక్తం కారింది. జట్కా ఆయన భార్య వేసిన కేక రోడ్డు అవతలికి వినబడింది. మళ్లీ లేపి కట్టాం. ఆ రోజు నుంచి దించి చూద్దామన్న మాట ఎవరి నోటా రాలేదు. నా నోట కూడా రాలేదు.

ఇక సేవ మొదలైంది. సేవంతా ఆవిడదే. పొద్దున్నే వచ్చి పట్టా ఒరిసే చోట్ల దూది సర్దేది. నువ్వుల నూనె కాచి తొడలకు, నడుముకు మర్దన చేసేది. ఉలవలు మెత్తగా ఉడికించి ముద్దలు చేసి, వంకరగా ఉన్న ఆ నోట్లో దవడ పక్క నుంచి పెట్టేది. జట్కా ఆయన స్టేషన్ బేరాలు మధ్యలో వదిలేసి వచ్చి పచ్చి గరిక కోసుకొచ్చేవాడు. షిఫ్ట్ దిగిన ఫోర్‌మన్ ఇంటికి పోకుండా ముందు గోదాముకే వచ్చేవాడు. మొహం కూడా కడుక్కోకుండా గొలుసు మీద చెయ్యి వేసి చూసి, సర్ది, అప్పుడు మాట్లాడేవాడు. సేటు కూడా రోజుకోసారి వచ్చి, “ఇంకెన్ని దినాలు ఇట్ల?” అని విసుక్కుని, ఎవరూ చూడట్లేదనుకున్నప్పుడు దాని నోటికి బెల్లం ముక్క అందించేవాడు. మేమంతా చూస్తూనే ఉండేవాళ్లం.

నేను సాయంత్రం వెళ్లి పరీక్ష చేసేవాణ్ణి. ముందుగా కళ్లు కొట్టుకోవడం ఆగింది. తరువాత మెడ కొంత తిరిగింది. పూర్తిగా కాదు, తల కొద్దిగా ఎడమకు వాలే ఉండేది. ఒక రోజు తనంతట తానే బకెట్లోంచి ఉలవలు తిన్నది. ఆవిడ ఆ బకెట్టు పట్టుకుని ఏడ్చేసింది. మాకందరికీ ఆశ పుట్టింది. కాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆ ఆశ నిలబడేది కాదు. నడుము మీద చెయ్యి పెట్టి నెడితే పిల్ల పక్కకు ఊగేది, పట్టా వెంటనే ఆపేసేది. డెక్కలు నేల మీదే ఉన్నాయి కదా, బలం వస్తే అదే నిలబడుతుందని ఎదురుచూశాను. రోజులు గడిచేకొద్దీ తొడల కండ కరిగిపోయింది. తలకు నయమవుతోంది కానీ కాళ్లకు ఇక రాదని నేను నిశ్చయానికి వచ్చాను. పాఠం చెప్పినాయన ఇంకోసారి వచ్చి చూసి, నా భుజం తట్టి బస్సెక్కాడు.

కందులు ఆ ఏడు కాస్త ముందే వచ్చాయి. మొదటి బండ్లు రోడ్డు పక్కన ఆగిన రోజు సేటు మా ఆస్పత్రి దాకా నడిచి వచ్చాడు. ఎప్పుడూ రాని మనిషి. కూర్చోమన్నా కూర్చోలేదు.

“డాక్టర్ సాబ్, నేను అడగలేను. మీరే చెప్పుండ్రి వాళ్లకు,” అన్నాడు. ఆయన కళ్లల్లో నీళ్లు చూసి నేను తల దించుకున్నాను.

నేను చెప్పే పని లేకపోయింది. ఆ సాయంత్రం జట్కా ఆయనే వచ్చాడు. గుమ్మం బయటే నిలబడి, భుజం మీది తువ్వాలు తీసి చేతులకు చుట్టుకుంటూ మాట్లాడాడు. “సారూ, దానికి సూది ఇయ్యుండ్రి. ఇగ నాతోని కాదు. కట్టేసినట్టు గట్ల నిలబడి నా దిక్కే సూస్తది. ఏం పాపం చేసిందని దానికి గీ శిక్ష? సంపుండ్రి సారూ.” ఒకప్పుడు ఆ మాట తన ముందు తీయవద్దన్న మనిషి. ఆయన నోటే అది విన్నాను. సరేనన్నాను.

మరునాడు పొద్దున అందరం గోదాములో ఉన్నాం. పట్టాలో ఉండగానే చంపితే ఆ చచ్చిన బరువును విప్పడం కష్టం. అందుకని ముందు గొలుసు వదిలి గడ్డి మీద పడుకోబెట్టి, అప్పుడు మెడ నరానికి సూది వేయాలి. పిల్ల ఎడమకే పడుతుందని ఆ పక్క వరిగడ్డి మందంగా పరిచాం. ఫోర్‌మన్ ఒక పూట సెలవు పెట్టి వచ్చాడు. జట్కా ఆయన మూలన గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆయన భార్య పిల్ల నోటికి బెల్లం అందించి, నుదురు మీది పాత గాయం దగ్గర నిమురుతోంది. నేను పెద్ద సిరంజిలో మందు నింపి పట్టుకున్నాను. బయట కందుల బండ్ల ఎద్దుల గంటలు వినబడుతున్నాయి.

“వదులుతున్నానండీ. పక్కకు జరగమ్మా,” అన్నాడు ఫోర్‌మన్. ఆవిడ జరగలేదు.

గొలుసు టకటకమని కిందికి రావడం మొదలైంది. అందరం కాళ్ల వైపే చూస్తున్నాం, ఇప్పుడు మడత పడతాయి, ఇప్పుడు పడతాయి అని. గొలుసు చప్పుడు ఆగింది. ఫోర్‌మన్ గొలుసును చేత్తో కదిపి చూశాడు.

“డాక్టరుగారూ, గొలుసు మీద బరువు లేదండీ.”

“పట్టా తెగిందా?” అని అరిచాను.

“తెగలేదండీ. బరువే లేదు.”

అప్పుడు చూశాను. గొలుసు వదులై పిల్ల వీపు మీదికి వాలింది. పట్టా పొట్టను వదిలి కిందికి జారి, మధ్యలో అరచెయ్యి పట్టేంత సందు కనిపిస్తోంది. పిల్ల నాలుగు కాళ్ల మీద నిలబడి బెల్లం నములుతోంది. తోకతో ఒక ఈగను కొట్టుకుంది కూడా.

 పడుతుందని చూస్తున్నాం. అది పడలేదు.  నాకు సంతోషం కలిగిందనుకుంటారేమో, కాదు. భయం వేసింది. ఏదో తెలియకూడనిది తెలియబోతున్నట్టు అనిపించింది. నేను ఫోర్‌మన్‌ను అడిగాను, “ఈ గొలుసు ఇంతకు ముందెప్పుడన్నా వదులైందా?”

 “రోజూ అవుతోందండీ. చాన్నాళ్లుగా. కాన్వాసు సాగుతోందనుకున్నాను. రాగానే లాగి బిగించేవాణ్ణి.”

“పగటీలి గూడ అయితుండె సారూ,” అంది ఆవిడ మెల్లగా. “పొద్దుగాల ఒకపారి, మాపుల ఒకపారి. నేనే గుంజుతుంటి. వదులైతే పోరి పడిపోతదని గుంజుతుంటి.” అంటూనే ఆవిడకు అర్థమైంది. తన రెండు చేతులను ముందుకు చాపి, అవి ఎవరివో అన్నట్టు చూసుకుంది.

చిన్నవాళ్లు కాబట్టి మీకు విడమరచి చెబుతాను. పిల్ల చాన్నాళ్లుగా, ఎప్పటి నుంచో మాకెవరికీ తెలియదు, తన కాళ్ల మీద బరువు వేసుకుంటోంది. వేసుకున్నప్పుడల్లా గొలుసు వదులయ్యేది. వదులైనప్పుడల్లా మేం దాన్ని బిగించేవాళ్లం. కాళ్లు బరువు ఎత్తుకున్న ప్రతిసారీ ఆ బరువు లాగేసుకున్నాం. ఆ కండ కరిగిపోయింది జబ్బు వల్లనా, మా ప్రేమ వల్లనా అని అడిగితే నా దగ్గర సమాధానం లేదు. నేను రోజూ వెళ్లి డెక్కలు నేలకు ఆనాయా లేదా అని చూశాను. తల పైకెత్తి గొలుసు వైపు ఒక్కనాడూ చూడలేదు. పాఠం చెప్పినాయనా చూడలేదు. అన్నిటికంటే నన్ను కొట్టింది ఇంకొకటి. ఆ పొద్దున మేం గొలుసు వదిలింది దాన్ని చంపడానికి. చంపాలనుకోకపోతే ఎప్పటికీ వదిలేవాళ్లం కాదు. కందులు ఇంకో నెల ఆలస్యంగా వచ్చి ఉంటే ఇంకో నెల అలాగే బిగించి పట్టుకునేవాళ్లం.

ఫోర్‌మన్ కొక్కెం విప్పాడు. పట్టా కింద పడింది. పిల్ల ఒక అడుగు వేసింది, ఎడమకు తూలింది, సర్దుకుని ఇంకొకటి వేసింది. సేటు గుమ్మంలో నిలబడి, “బండ్లు ఆడనే ఆపుండ్రి! తొవ్వ ఇడువుండ్రి!” అని బయటివాళ్ల మీద కేకలేస్తున్నాడు. జట్కా ఆయన మూలన లేడు. ఎప్పుడు వెళ్లాడో నేను చూడలేదు.

బయటికి వెళ్లి వెతికితే రోడ్డు వారన, బండి చక్రం పక్కన కూలబడి ఉన్నాడు. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

“అన్నా, నిలబడ్డది. నడుస్తున్నది,” అన్నాను.

“తెలుసు సారూ,” అన్నాడు తువ్వాలు తీయకుండానే. “నేను సంపుమన్న. రాతిరి దాని దగ్గరికి పోయి, పొద్దుగాల సంపిపిస్త బిడ్డా, బాధ తీరుతదని చెప్పిన. అది నిలబడే ఉన్నది సారూ అప్పుడు. నిలబడే నా మాట ఇన్నది. ఇగ దాని తాడు నేనెట్ల పట్టుకోవాలె?”

 ఓదార్చే మాటలు నాకెప్పుడూ సరిగా రావు. ఆ సిరంజి ఇంకా నా చేతిలోనే ఉందని అప్పుడు చూసుకుని, వెనక్కి దాచుకున్నాను.

ఆవిడ గుర్రప్పిల్లను అడుగులో అడుగు వేయిస్తూ బయటికి తీసుకొచ్చింది. కందుల బండ్ల మధ్య నుంచి జనం దారి ఇచ్చారు. పక్కనే ఫోర్‌మన్ రెండు చేతులూ చాచి నడుస్తున్నాడు, పిల్లను తాకకుండా. ఆవిడ భర్త ముందు ఆగి, తాడు కొస ఆయన ఒళ్లో పడేసింది.

“గుంజింది నేను, సంపుమన్నది నువ్వు,” అంది. “మనిద్దరం తప్ప దానికి ఇంకెవలున్నరు? లే. పట్టు. ఎండెక్కుతున్నది, ఇంటికి పోవాలె.”

 ఆయన తువ్వాలు భుజాన వేసుకుని, తాడు పట్టుకుని లేచాడు.